అడవి అంచు ఊళ్లకు దక్కేదెంత? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అడవుల రక్షణ వల్ల పక్కన ఉండే ఊళ్ల రాబడి పెరుగుతుందా, తగ్గుతుందా అన్న విషయమై చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటిని ఈసారి ఎంచుకున్నాం. పొడవైన ఉత్తరాలను కుదించాం. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర అడవిని ఆనుకుని ఉన్న ఊరు. మా తాతల కాలంలో ఇక్కడ ఏనుగులు లేవు. అభయారణ్యం పెట్టారు, ఏనుగులు వచ్చాయి. చెరకు మానుకున్నాం, అరటి మానుకున్నాం. అడవిని కాపాడితే దేశానికి మేలని అందరూ అంటారు. మా ఊరికి ఏం మేలో కాస్త చెప్పండి.
ఒక రైతు, పలమనేరు

జవాబు: మీ ఉత్తరంలో ఒక్క వరుసను మాత్రం సరిచేయవలసి ఉంది. ఏనుగులే ముందు వచ్చాయి, అభయారణ్యం తరువాత వచ్చింది. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు అడవులు తునకలై, మేత, నీరు కరువై కొన్ని గుంపులు కుప్పం, పలమనేరు అడవుల్లోకి చేరాయి. వాటి కోసమే 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్లను కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. ఆ అడవి సన్నగా, పొడవుగా, ఊళ్ల మధ్య నుంచి సాగిపోతుంది కనుక ఏనుగు ఏ దిక్కుకు నడిచినా త్వరలోనే ఏదో ఒక చేను తగులుతుంది. అంటే మీ కష్టానికి మూలం అడవిని కాపాడటంలో లేదు, ఏనుగులకు చాలినంత అడవి మిగలకపోవడంలో ఉంది. అయితే ఈ వివరణ వల్ల మీ చెరకు తోట తిరిగి రాదని నాకూ తెలుసు.

మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే, ఈ రోజున మీ ఊరి లెక్కలో నష్టమే ఎక్కువగా ఉంది. అడవి నిలబడితే కలిగే మేలు, వాన నీరు భూమిలోకి ఇంకడం, వాగులు ఎక్కువ రోజులు పారడం, కింది ఊళ్ల బోర్లకు ఊట అందడం, ఇవన్నీ దూరదూరానికి పలచగా పంచుకుపోతాయి. నష్టం మాత్రం అడవి గట్టు నుంచి రెండు మూడు కిలోమీటర్ల లోపలే చిక్కగా పేరుకుంటుంది. దీపం కింద చీకటి అన్నమాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. పైగా ఏనుగు తొక్కిన పైరుకు లెక్క కడతారు గాని, దాని భయంతో మీరు వేయకుండా మానుకున్న పైరుకు ఎవరూ లెక్క కట్టరు. లాభసాటి పంట వదిలి ఏనుగు ముట్టని పంటకు మారినందువల్ల ఏటా తగ్గిన ఆదాయం, రాత్రి కావలికి మేలుకున్నవాడు మరునాడు కూలికి పోలేకపోవడం, విరిగిన పైపులు, చీకటి పడితే బడి పిల్లలను ఒంటరిగా పంపలేకపోవడం, వీటిలో ఏదీ పరిహారం కాగితంలో గడిగా ఉండదు. కౌలు రైతుకైతే పాసు పుస్తకంలో పేరే ఉండదు కనుక ఆ కాగితం దాకా వెళ్లడమే కష్టం.

ఈ మధ్య జరిగిన మార్పులు రెండు మూడు చెప్పవలసినవి ఉన్నాయి. వన్యప్రాణి దాడిలో మనిషి చనిపోతే ఇచ్చే మొత్తాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులు 2025 మే నెలలో కర్ణాటక నుంచి మన రాష్ట్రానికి వచ్చాయి. వాటి శిబిరం పలమనేరు దగ్గరే ఉంది. రైతుకు నేరుగా పనికొచ్చేది మూడో మార్పు. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో వన్యప్రాణుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి స్థానిక నష్టాల కింద అదనపు రక్షణగా చేర్చుతున్నట్లు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లోపు ఫొటోలతో సహా బీమా యాప్‌లో నమోదు చేయాలన్నది నియమం. అయితే ఏ జంతువులకు, ఏ ప్రాంతాలకు ఇది వర్తిస్తుందో రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేయాలి. మీ మండలం, జాబితాలో ఏనుగు పేరు, రెండూ ఉన్నాయో లేవో విత్తనం వేయకముందే రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

ఏనుగులను ఆపడానికి పెట్టే కందకాలు, సోలార్ కంచెల గురించి కూడా మీరు రాశారు, ఇక్కడ ఆ భాగాన్ని కుదించాం. బండ తేలిన చోట కందకం తవ్వలేరు, వాగు అడ్డొచ్చిన చోట అది పూడిపోతుంది, ఆ సందు ఎక్కడుందో ఏనుగు కనిపెడుతుంది. కంచె వేయడానికి ఒకసారి నిధులు వస్తాయి. దాని కింద పెరిగే గడ్డి కోయడానికి, బ్యాటరీ మార్చడానికి ఏటేటా డబ్బు కావాలి. ఆ పనిని కూలి కట్టి గ్రామంలోని మనుషులకే అప్పగిస్తే కంచె నిలుస్తుంది, ఊళ్లో నాలుగు కుటుంబాలకు పనీ దొరుకుతుంది. నష్టపరిహారం పెంచమని అడగడం కన్నా ఈ కోరికను గట్టిగా అడగడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: అమెరికాలో, కోస్టారికాలో జాతీయ వనాల పక్కన ఉండే ఊళ్లు ధనవంతమయ్యాయని మా అర్థశాస్త్రం తరగతిలో చెప్పారు. మన దగ్గర ఎందుకు కాలేదు? అసలు ఆ మాట నిజమేనా?
ఒక పీజీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: చాలావరకు నిజమే. కాని ఆ ఊళ్లు దేని వల్ల బాగుపడ్డాయో చూడకపోతే పాఠం తప్పుగా అర్థమవుతుంది.

అమెరికాలో జాతీయ వనాల వాకిట్లో ఉన్న ఊళ్లకు సందర్శకులే ప్రధాన జీవనాధారమని 2013 అక్టోబరులో అనుకోకుండా రుజువైంది. బడ్జెట్ వివాదంతో అక్కడి కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు 16 రోజులు మూతపడినప్పుడు వనాలూ మూతపడ్డాయి. ఆ ఒక్క నెలలో చుట్టుపక్కల ఊళ్లలో సందర్శకుల ఖర్చు 41 కోట్ల డాలర్లకు పైగా తగ్గిందని అక్కడి పార్కుల సంస్థే లెక్క తేల్చింది. ఇంత డబ్బు ఊళ్లకు చేరడానికి కారణం, వచ్చినవాడు రెండు మూడు రాత్రులు ఆ ఊళ్లోని బసలోనే ఉండి, అక్కడి భోజనశాలలోనే తిని, అక్కడి మనిషినే దారి చూపమని అడగడం. ఇంకొక మాట కూడా తరగతిలో చెప్పి ఉంటే బాగుండేది. 1872లో మొదలైన ఎల్లోస్టోన్ వనంలో షోషోనీ తదితర మూలవాసులు ఉండేవారు. వారిని బయటికి పంపాకనే అది మనుషులు లేని అడవి అయింది. అక్కడి లాభాల పట్టికలో వారి నష్టం కనిపించదు.

కోస్టారికా సంగతి ఇంకా ఆసక్తికరం. రక్షిత అడవులు సాధారణంగా రాళ్లురప్పల నేలల్లో, రోడ్లు లేని మారుమూలల్లో ఉంటాయి కనుక వాటి పక్క ఊళ్లు మొదటినుంచే పేదవి. కాబట్టి పక్క ఊరు పేదగా ఉంది, అడవి వల్లనే అయి ఉంటుందని అనేయడం సరికాదు. కోస్టారికా, థాయిలాండ్ దేశాలపై 2010లో వెలువడిన ఒక అధ్యయనం, రక్షిత ప్రాంతాల పక్క ఊళ్లను అన్ని విధాలా వాటిని పోలి ఉండి రక్షణ లేని ఊళ్లతో పోల్చి చూసి, రక్షణ వల్ల పేదరికం తగ్గిందనే తేల్చింది. 2014లో వచ్చిన మరో పరిశీలన కోస్టారికాలోని ఆ తగ్గుదలలో దాదాపు మూడింట రెండు వంతులు పర్యాటకం వల్లనే అని చెప్పింది. 34 వర్ధమాన దేశాల గణాంకాలతో 2019లో వచ్చిన అధ్యయనం కూడా ఇదే దారిలో సాగింది. పర్యాటకం ఉన్న రక్షిత ప్రాంతాల దగ్గరి కుటుంబాల సంపద, దూరంగా ఉన్న అలాంటి కుటుంబాల కన్నా 17 శాతం ఎక్కువగా కనిపించింది. దీనికి తోడు కోస్టారికా 1997 నుంచి ఇంధనంపై వేసిన పన్నులో కొంత తీసి, తమ భూమిలో చెట్లను నిలిపి ఉంచిన రైతులకు చెల్లిస్తోంది. నీటిని వాడుకునే నగరం, ఆ నీటిని పుట్టించే కొండ దగ్గరి రైతుకు బాకీ పడి ఉందన్న ఆలోచన దాని వెనుక ఉంది.

మన దేశానికి వస్తే చిత్రం మారుతుంది. పది భారతీయ రక్షిత ప్రాంతాలను పరిశీలించిన 2011 నాటి అధ్యయనంలో సందర్శకులు ఏటేటా వేగంగా పెరుగుతున్నారని తేలింది. కాని సరిహద్దు నుంచి పది కిలోమీటర్ల లోపల ఉండే జనాభాలో పర్యాటకం వల్ల ఉద్యోగం దొరికినవారు 0.001 శాతం కన్నా తక్కువ. మన అడవుల అంచున జనం కిక్కిరిసి ఉంటారు, వచ్చే డబ్బు ఎక్కడో పట్టణంలో ఉండే రిసార్టు యజమానికి, వాహనాల కంపెనీకి చేరుతుంది. అందుకే మనకు తేడా వచ్చింది. ఏ దేశంలోనైనా అడవి దానంతట అది ఎవరినీ ధనవంతులను చేయలేదు. గేటు దగ్గర ఎవరు కూర్చున్నారు, టికెట్టు డబ్బు ఏ ఖాతాలో పడుతోంది అన్నదే తేల్చింది.

మీరు తిరుపతిలోనే ఉన్నారు కనుక ఇంకొకటి గమనించండి. మీ ఊరి నీటిలో కొంత భాగం 1977లో కట్టిన కల్యాణి డ్యాం నుంచి వస్తుంది. కల్యాణి వాగు స్వర్ణముఖికి ఉపనది, శేషాచలం అడవే దాని పరీవాహక ప్రాంతం. కొండపై పాపవినాశనం, గోగర్భం వంటి జలాశయాలూ ఆ అడవి మీద కురిసిన వానతో నిండేవే. పట్టణంలోని ప్రతి లాడ్జీ, ప్రతి హోటలు ఈ అడవి నుంచి రాబడి పొందుతోంది. ఆ రాబడిలో అడవి పేర ఒక పద్దు రాసుకున్నవారు మాత్రం నాకు ఇంతవరకు కనిపించలేదు.

ప్రశ్న: మా వైపు తలకోనను చూపించి, ఎకో టూరిజం వస్తే మా పక్క ఊళ్లన్నీ బాగుపడతాయని నాయకులు చెబుతున్నారు. నమ్మవచ్చా?
ఒక నిరుద్యోగి, ఎర్రావారిపాళెం మండలం

జవాబు: తలకోన వరకు నమ్మవచ్చు. తలకోనను చూపి మిగతా కోనలన్నింటికీ అదే లెక్క వేయడాన్ని నమ్మకండి.

తలకోనలో నెరబైలు వనసంరక్షణ సమితి, అటవీశాఖ కలిసి పర్యాటకాన్ని నడుపుతూ వచ్చాయి. ప్రవేశ రుసుము, బస గదులు, చెట్ల నడుమ వేసిన తాళ్ల వంతెన, ఇవన్నీ స్థానిక సమితి పేర నడవడం వల్ల కాపలాదారు, వంటమనిషి, దారి చూపేవాడు ఆ చుట్టుపక్కల వారే అయ్యారు. మన రాష్ట్రంలో 1992లో ఊరివారు, అటవీశాఖ కలిసి అడవిని చూసుకునే ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలైనప్పుడు ఏర్పడిన సమితులు చాలాచోట్ల నిధులు ఆగిపోగానే పేరుకు మాత్రమే మిగిలాయి. తలకోనలో నిలబడటానికి కారణం దాని చేతిలో సొంత రాబడి ఉండటమే. అయితే తలకోనకు 270 అడుగుల జలపాతం ఉంది, సిద్ధేశ్వరస్వామి గుడి ఉంది, తిరుపతి నుంచి ఒక్క రోజులో పోయి రాగల దూరం ఉంది. ఈ మూడూ కలిసిన చోటు ఇంకొకటి వెతికినా దొరకదు. జలపాతం ఎండిపోయే నెలల్లో అక్కడ కూడా జనం పలచబడతారు.

ఎకో టూరిజం అనగానే సిమెంటుతో కట్టిన పులి బొమ్మ, రంగు వేసిన తోరణం, దాని వెనుక ఎవరో కాంట్రాక్టరు నడిపే క్యాంటీను గుర్తుకు వస్తున్నాయంటే ఆ తప్పు మనది కాదు. మీ దగ్గరికి వచ్చిన నాయకులను మూడు విషయాలు అడగండి. లీజు ఎవరి పేర ఉంటుంది? వారాంతంలో వచ్చే జనం వదిలిన చెత్తను ఎత్తే ఖర్చు ఎవరిది? వానాకాలం ముగిశాక ఉద్యోగం ఉంటుందా? వీటికి జవాబు రాతలో వస్తే మీ ఊరికి కొంత మేలు జరుగుతుంది. అప్పుడు కూడా దానిని సేద్యానికీ పాడికీ పక్కన నడిచే రెండో ఆదాయంగానే చూడండి, ఉన్న ఆవులను అమ్మి బొలేరో కొనకండి.

ప్రశ్న: రెండెకరాల్లో ఎర్రచందనం పెంచాను. దొంగలు అడవిలో నరుక్కుపోతుంటే ఏమీ చేయలేని చట్టం, సొంత పొలంలో పెంచిన నన్ను మాత్రం కాగితాల చుట్టూ తిప్పుతోంది. అడవిని కాపాడటం అంటే రైతును శిక్షించడమా?
ఒక రైతు, పుత్తూరు ప్రాంతం

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. అయినా ఈ విషయంలో అడవి రక్షణ మీకు శత్రువు కాదు, మీ ధరను కాపాడేది అదే అని చెప్పవలసి వస్తోంది.

ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ముఖ్యంగా శేషాచలం, పాలకొండలు, వెలిగొండల చుట్టూ మాత్రమే. 1995లో దీనిని అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం అయిన సైటిస్ రెండో అనుబంధంలో, అంటే అనుమతి పత్రాలతోనే ఎగుమతి చేయవలసిన జాతుల జాబితాలో చేర్చారు. 2004 నుంచి మన దేశ ఎగుమతులు ఆ ఒప్పందం కింద ప్రత్యేక సమీక్షలో ఉండిపోయాయి. సాగుచేసిన చెట్టుకూ అడవి చెట్టుకూ తేడా ఎలా చూపుతారన్నదే అక్కడి అనుమానం. 2019లో విదేశీ వాణిజ్య విధానాన్ని సవరించి పట్టా భూముల్లో పెంచిన దుంగల ఎగుమతికి దారి తెరిచారు. 2023 నవంబరులో భారతదేశాన్ని ఆ సమీక్ష నుంచి తొలగించారు. పట్టా చెట్టు ఎక్కడిదో నిరూపించే పత్రాల మీదనే ఈ సడలింపు ఆధారపడి ఉంది కనుక, చెట్ల లెక్క, సర్వే నంబరు, డీఎఫ్‌ఓ (డివిజన్ అటవీ అధికారి) అనుమతి అని మిమ్మల్ని తిప్పుతున్నారు. ఆ తిప్పడంలో అనవసరమైనది చాలా ఉంది, దానిని తగ్గించమని అడగడం మీ హక్కు. కాని పత్రాలే వద్దంటే అడవిలో నరికిన దుంగ మీ పొలం పేర బయటికి పోతుంది, మీ పంటకు ధర పడిపోతుంది.

వేలంలో అమ్మిన ఎర్రచందనం రాబడిలో కొంత వాటాను 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద తిరిగి పెంపకందారులకు ఇవ్వవలసి ఉంటుందన్న సంగతి చాలామంది రైతులకు తెలియదు. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2025లో మన రాష్ట్రంలోని ఎర్రచందనం రైతులకు సుమారు 3 కోట్ల రూపాయలు ఈ పద్దు కింద విడుదల చేసింది. ఇంతకు ముందు అనుమతితో చెట్లు అమ్మి ఉన్నట్లయితే మీ పత్రాలతో రాష్ట్ర జీవవైవిధ్య మండలిని సంప్రదించండి.

దొంగల గురించి కూడా ఒక మాట చెప్పాలి. గొడ్డలి పట్టేవాడు లాభం తినేవాడు కాదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో కాల్పుల్లో చనిపోయిన 20 మంది తమిళనాడు నుంచి వచ్చిన కూలీలే. కొండ ప్రాంతాల్లో పని లేని చోట నుంచి ఇటువైపు మనుషులను తోలుకొస్తారు, దుంగ ఓడ ఎక్కేటప్పటికి దాని ధరకూ వాడి కూలికీ పొంతన ఉండదు. కేరళలోని పెరియార్ పులుల అభయారణ్యంలో ఇలాంటి చిక్కునే వేరే దారిలో విప్పారు. అడవిలోని దాల్చినచెక్క చెట్ల బెరడును దొంగతనంగా ఒలుచుకుపోయేవారితో 1990ల చివరలో మాట్లాడి, కేసుల విషయం సర్దుబాటు చేసి, వారినే అడవి కాపలాకూ సందర్శకులకు దారి చూపడానికీ సమితిగా ఏర్పరిచారు. దొంగకు తెలిసిన ప్రతి బాటా కాపలాదారుకు తెలిసిన బాట అయింది. ఎర్రచందనం విలువ ఎన్నో రెట్లు ఎక్కువ కనుక అదే పద్ధతి యథాతథంగా ఇక్కడ నడుస్తుందని చెప్పలేను. ఎర్రచందనం దొంగలను పట్టే టాస్క్‌ఫోర్సుకు పెట్టే ఖర్చులో ఒక భాగాన్ని ఆ దారిలో పెట్టి చూడటానికి మాత్రం అడ్డేముంది?

ప్రశ్న: అభయారణ్యం చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతం అని గీత గీస్తే క్వారీలు మూతపడతాయి, లారీలు ఆగుతాయి, పొలం కూడా దున్నుకోనివ్వరు అంటున్నారు.
ఒక లారీ యజమాని, కుప్పం

జవాబు: మొదటిది చాలావరకు నిజం, చివరిది అబద్ధం. సున్నిత ప్రాంతంలో వాణిజ్య గనులు, రాతి క్వారీలు, క్రషర్లు నిషిద్ధం. స్థానికుల సేద్యం, పాడి, తోటలు యథాప్రకారం సాగవచ్చు. ప్రతి రక్షిత ప్రాంతం చుట్టూ కనీసం కిలోమీటరు ఉండాలని సుప్రీంకోర్టు 2022 జూన్ 3న ఇచ్చిన ఆదేశాన్ని 2023 ఏప్రిల్ 26న సడలించింది. అయితే జాతీయ వనాలు, అభయారణ్యాల సరిహద్దు నుంచి కిలోమీటరు లోపల గనుల నిషేధాన్ని అలాగే ఉంచింది. కుప్పం గ్రానైటు మీద బతికే డ్రైవర్లు, కటింగు కూలీలు చాలామంది ఉన్నారని తెలుసు. క్వారీ ఇచ్చే పని రాయి ఉన్నన్నాళ్లు మాత్రమే, అది పోయాక మిగిలే గుంతలో ఏనుగు పిల్లలూ మనుషుల పిల్లలూ పడుతుంటారు. కనుక ఈ విషయంలో నేను గీత వైపే ఉంటాను. గీత గీసేవారు ముసాయిదాను తెలుగులో ఊరూరా చదివి వినిపించాలన్నది మాత్రం మీతో కలిసి అడుగుతాను.

ప్రశ్న: పులికాట్ సరస్సులో పక్షుల పండుగ చేస్తారు, జాలర్లకు వచ్చేది ఏమిటి?
సూళ్లూరుపేట పాఠకుడు

జవాబు: పండుగ రోజుల్లో హోటళ్లకు, ఆటోలకు నాలుగు డబ్బులు వస్తాయి. 2001లో మొదలైన ఆ ఫ్లెమింగో (రాజహంస) పండుగ మధ్యలో కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. ఏడాదిలో మిగిలిన రోజుల్లో సరస్సు మీద బతికేది వలే కదా. పులికాట్ 1976 నుంచి పక్షుల అభయారణ్యం. కాని జాలరికి పెద్ద దెబ్బ తగిలింది రక్షణ నియమాల వల్ల కన్నా, సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడిపోవడం వల్ల. ముఖద్వారం మూతపడితే ఉప్పునీరు లోపలికి రాదు, రొయ్య పిల్ల, చేప పిల్ల రావు, వేసవిలో నీరు ఎండి బీడు తేలుతుంది. అప్పుడు జాలరికీ రాజహంసకూ ఇద్దరికీ తిండి ఉండదు. ఈ ఒక్క చోట రక్షణ ఖర్చూ జీవనోపాధి ఖర్చూ ఒకటే పని మీద పెట్టవలసి ఉంది. ముఖద్వారాల్లో పూడిక తీయడం పక్షుల పద్దులో రాసినా, చేపల పద్దులో రాసినా ఫలితం ఒక్కటే. పక్కనే నేలపట్టులో చెరువు చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులను ఊరివారు తరిమివేయకుండా తమవిగా చూసుకుంటూ వచ్చారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు మడికి బలమన్న నమ్మకం చెరువుల కింది రైతుల్లో పాతదే.

ప్రశ్న: తిరుమలకు రోజూ వేలాది వాహనాలు అడవి గుండా వెళ్తాయి. అలిపిరి దగ్గర తీసుకునే రుసుములో కొంత అడవి అంచు గ్రామాలకు ఇస్తే ఎలా ఉంటుంది?
విశ్రాంత ఉపాధ్యాయుడు, చంద్రగిరి

జవాబు: మంచి ఆలోచన. దీనికి దగ్గరి నమూనా కూడా ఉంది. శబరిమల క్షేత్రం పెరియార్ అభయారణ్యంలో ఉంది. యాత్రికుల దారుల్లో అంగళ్లు పెట్టుకునే అవకాశాన్ని అటవీశాఖ స్థానికులతో ఏర్పడిన ఎకో డెవలప్‌మెంట్ కమిటీలకు ఇచ్చి, దానికి బదులుగా చెత్త ఏరడం, వంటచెరకు నరకకుండా చూడటం వారి బాధ్యతగా పెట్టింది. ఏడాదిలో కొద్ది నెలలు సాగే యాత్ర మీదనే అది నడిచింది. తిరుమలకు జనం ఏడాది పొడవునా వస్తారు.

శేషాచలం అడవుల్లో శ్రీవేంకటేశ్వర జాతీయ వనం 1989 నుంచి ఉంది. దానిని కలుపుకుని 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ మండలం సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు, రాష్ట్రంలో మొదటిది. జీవావరణ మండలం అనే ఏర్పాటులోనే, నడుమ ఉన్న కీలక ప్రాంతం చుట్టూ మనుషుల జీవనోపాధికి తావుండే వలయాలు ఉండాలన్న భావన ఉంది. పటం మీద ఆ వలయాలు ఉన్నాయి, వాటికి నిధి లేదు. యాత్రికుడి వాహనం మీద వేసే చిన్న రుసుము ఆ నిధి కావచ్చు. టీటీడీకి సొంత అటవీ విభాగం ఉంది కనుక చేయడానికి యంత్రాంగం లేదని కూడా అనలేం. 2023 ఆగస్టులో నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలయ్యాక, చిన్నపిల్లలతో వెళ్లే వేళలపై ఆంక్షలు వచ్చాయి, భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. అడవిని నిర్లక్ష్యం చేస్తే యాత్ర కూడా ఆగుతుందని అప్పుడు అందరికీ తెలిసింది.

చిక్కు ఎక్కడంటే, ఏ గ్రామాలకు ఇవ్వాలన్న దగ్గర. అలిపిరి పక్కన ఉండే ఊళ్లు ఇప్పటికే పట్టణంలో కలిసిపోయాయి, అక్కడ భూమి ధరే వారికి లాభం తెచ్చింది. అడవి వల్ల నిజంగా నష్టపోయేవి కొండకు అవతలి వైపు, మామండూరు, భాకరాపేట చుట్టూ ఉన్న పల్లెలు. గేటుకు ఎంత దూరం అని కాకుండా, పంట నష్టం, మేత నష్టం ఎంత అని కొలిచి పంచకపోతే ఈ డబ్బు కూడా దగ్గరున్నవారికే దక్కుతుంది.

ప్రశ్న: మాది యాదవ కుటుంబం. తరతరాలుగా గొర్రెలు, మేకలు కొండకు తోలేవాళ్లం. ఇప్పుడు ఫారెస్టు వారు మందను పట్టుకుని జరిమానా వేస్తున్నారు. జీవాలను అమ్ముకోవడం తప్ప దారి లేదా?
ఒక కాపరి, చంద్రగిరి మండలం

జవాబు: అమ్మే ముందు మీ కొండ ఏ కోవలోకి వస్తుందో తెలుసుకోండి, ఎందుకంటే ఒక్కో దానికి ఒక్కో నియమం ఉంది. జాతీయ వనంలో పశువుల మేపు పూర్తిగా నిషిద్ధం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 35వ సెక్షన్‌లో అది స్పష్టంగా ఉంది. అభయారణ్యంలో అంత కఠినంగా లేదు, అధికారులు మేపును నియంత్రించవచ్చు. అభయారణ్యానికి ఐదు కిలోమీటర్ల లోపల ఉండే జీవాలకు అంటురోగాల టీకాలు వేయించే ఏర్పాటు చేయవలసింది అటవీశాఖే, టీకా లేని మందను లోపలికి తోలకూడదు. సాధారణ రిజర్వు ఫారెస్టులో రాష్ట్ర నియమాలు వర్తిస్తాయి.

వీటికి తోడు 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకే పరిమితం కాదు. 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడ ఉంటూ అడవి మీద ఆధారపడిన ఇతరులకు కూడా వర్తిస్తుంది, మేపు హక్కు అందులో ఉంది. జాతీయ వనాలు, అభయారణ్యాలు కూడా ఆ చట్టం పరిధిలోనివే. మూడు తరాల రుజువు చూపడం గిరిజనేతరులకు కష్టమే అయినా, ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెట్టి రుజువుగా ఇవ్వవచ్చని నియమాలు చెబుతున్నాయి. ఒక్కరుగా కాక ఊళ్లోని కాపరులందరూ కలిసి ఉమ్మడి హక్కుగా గ్రామసభలో దరఖాస్తు పెట్టండి. దానికి ముందు రేంజి కార్యాలయానికి ఒక అర్జీ రాసి, మీ ఊరి కొండ జాతీయ వనంలో ఉందో, రిజర్వు ఫారెస్టులో ఉందో సరిహద్దు పటంతో సహా తెలపమని అడిగి, అందినట్లు రశీదు తీసుకోండి. జరిమానా కట్టిన ప్రతిసారీ ఏ సెక్షన్ కింద వేశారో రాసిన రశీదు కూడా దాచిపెట్టుకోండి, దరఖాస్తుతో పాటు అవీ జతచేయవలసి రావచ్చు.